బల్లకు అటూ ఇటూ

4, సోమవారం

"కటింగ్ నాది కాదండీ" అంది.

సంగీతం టీచరు ముందు, షాపు మధ్యలో నిలబడి, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని మరీ అంది. టీచరుగారి గౌను అంచు ఒక పక్క దిగింది, నిజమే. అద్దంలో కనపడుతూనే ఉంది, నేను కాదనడం లేదు. కానీ అంచు దిగితే తప్పు కటింగ్‌దే అని ఎక్కడ రాసి ఉంది? కుట్టేటప్పుడు గుడ్డ లాగినా దిగుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మా పొరపాటండీ, సరిచేసి ఇస్తాం" అన్నాను.

షాపు అత్తయ్య పెట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లోనే చెప్పింది, ఏది చెడినా బయటివాళ్ళ ముందు "మాది" అనాలని. షట్టరు దించాక ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కోండి, నాకనవసరం అంది. చిన్నది వచ్చాక దానికీ అదే పాఠం. నేను కత్తిరించడం, అది కుట్టడం. దాని కుట్టు ఊడిన ప్రతిసారీ నేను "మాది" అన్నాను. ఒకాయన చొక్కాకి జేబు తలకిందులుగా కుట్టినప్పుడు కూడా అన్నాను. నోరు పైకి ఉండాల్సిన జేబు కిందికి ఉంటే, దానికి కటింగ్ ఏం చేస్తుంది? అయినా అన్నాను.

అత్తయ్య నన్ను పెద్దదనీ, దాన్ని చిన్నదనీ పిలుస్తుంటే చాలామంది మమ్మల్ని అక్కచెల్లెళ్ళనుకుంటారు. మేమూ కాదని చెప్పం. ఇవాళ మాత్రం రోడ్డు మీదకి వెళ్ళి అరిచి చెప్పాలనిపించింది. అక్కచెల్లెళ్ళం కాదు మహాప్రభో, తోడికోడళ్ళం, అన్నదమ్ముల్ని చేసుకున్న పాపానికి ఒకే గదిలో పడ్డాం, అని.

గౌను సంచిలో పెట్టి బల్ల కింద పెట్టాను. రేపు ముక్కలు విప్పి కొలుస్తాను. ఎవరిదో తేలిపోతుంది.

5, మంగళవారం

కొలవలేదు. తీరిక లేదు.

6, బుధవారం

టీ తాగేటప్పుడు నేనే కదిపాను. మనసులో పెట్టుకుని కుళ్ళిపోవడం నా వల్ల కాదు.

"నేనన్నదాంట్లో తప్పేముంది అక్కా? కటింగ్ నాది కాదు కాబట్టి కాదన్నాను" అంది చిన్నది. "కుట్టు నాదేనని కూడా అన్నాను. అది మీకు వినపడలేదు."

వినపడలేదు. అనలేదు కాబట్టి వినపడలేదు.

"అంత కష్టంగా ఉంటే ఎవరి పని వాళ్ళం చేసుకుందాం" అన్నాను. కోపంలో ఊరికే అన్నాను. ఎవరైనా అలాగే అంటారు.

"సరే" అంది.

ఇంత తొందరగా సరే అంటుందని నేననుకోలేదు. ఎప్పటినుంచో మనసులో పెట్టుకుని, ఆ మాట నా నోటివెంట రావాలని కాచుక్కూర్చున్నట్టుంది. సరే అంది తప్ప, సరే అక్కా అనలేదు. దాని నోట్లో అక్కా అనే మాట లేకుండా ఒక జవాబు నేను వినడం ఇదే మొదటిసారి.

అత్తయ్య తన కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతోంది. ఏడుస్తుందనుకున్నాను. కనీసం మా ఇద్దర్నీ తిట్టిపోస్తుందనుకున్నాను. దారం కొరికి, "గది మీ ఇద్దరికీ చెరి సగమని ఎప్పుడో చెప్పాను. సగం అంటే సగం. అంగుళం అటూ ఇటూ అయినా నేనూరుకోను. మధ్యలో గోడ కట్టుకుంటారో, కోట కట్టుకుంటారో మీ ఇష్టం. నా కుర్చీ మాత్రం జరపను" అంది.

మంచిదే అయింది. నాకూ విసుగ్గానే ఉంది ఆ మిషను చప్పుడు. గోడ ఉంటే కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

8, శుక్రవారం

మరిది వ్యాను ఆపి లోపలికి వచ్చాడు. చిన్నదాని మొగుడు కదా, ఎవరి పక్షమో ఒకరిది మాట్లాడతాడనుకున్నాను. అదేం లేదు. అన్నం తిని నిద్రపోవాలన్న తొందర తప్ప ఆ మనిషికి ఇంకేం కనపడదు. టేపు పట్టి ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచాడు, పన్నెండు అడుగులు. ఆరు దగ్గర సుద్దముక్కతో ముందు నుంచి వెనకదాకా గీత కొట్టాడు. "ఐపోయింది వదినా. దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అని చేతులు దులుపుకున్నాడు.

ఎడమ వైపు నాది. గుడ్డల అరలు ఆ గోడకే ఉన్నాయి. కుడి వైపు దానిది, మిషన్లు అక్కడున్నాయి. ఇద్దరం సరేనన్నాం. నాకు నిజంగా ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ హాయి ఈయన వచ్చేదాకానే. ట్యూషన్ ముగించుకుని, షట్టరు దించడానికి సాయం చేద్దామని వచ్చాడు. గుమ్మంలో నిలబడి గీత వంక చూశాడు. గోడల వంక చూశాడు. చేతిసంచి కింద పెట్టాడు. "ఇది సగం కాదు" అన్నాడు.

లెక్కల మాస్టారు చేతిసంచి కింద పెడితే ఇంక ఆ రోజు మన చేతిలో లేనట్టే.

మా షాపు రోడ్డు మలుపులో ఉంది. మలుపుకి తగ్గట్టు ముందు వైపు ఏటవాలుగా కట్టారు. ఎడమ గోడ పొడుగు, కుడి గోడ పొట్టి. గది వంకరగా ఉందని నాకు మొదటినుంచీ తెలుసు, తుడిచేటప్పుడల్లా తిట్టుకుంటూనే ఉంటాను. ఆ వంకరకి ఒక పేరుందని మాత్రం ఇవాళే తెలిసింది. సమలంబ చతుర్భుజమట. స్కూల్లో చదివే ఉంటాను, మార్కులు కూడా వచ్చే ఉంటాయి, అయినా నా బుర్రలో దాని జాడ లేదు.

"ఎడమ గోడ ఇరవై నాలుగు. కుడి గోడ పదహారు. రెండూ సమాంతరం. రెండూ కూడు, అందులో సగం తీసుకో, మధ్య దూరంతో గుణించు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు.

ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పింది ట్యూషన్ పిల్లలకి. విసుక్కున్నది నా మీద.

గదంతా కలిపి రెండొందల నలభై చదరపు అడుగులు వచ్చింది. సగం నూట ఇరవై. మరిది గీసిన గీత దగ్గర గది పొడుగు ఇరవై అడుగులు. ఆ లెక్కన నా వైపు నూట ముప్ఫై రెండు, చిన్నదాని వైపు నూట ఎనిమిది. ఇదంతా నా కటింగ్ బల్ల మీద, నా సుద్దముక్కతో, అందరికీ వినపడేలా చదువుతూ చేశాడు. చివర్లో నా వైపు తిరిగి, "నీకు ఇరవై నాలుగు అడుగులు ఎక్కువొచ్చాయి" అన్నాడు, నేనేదో కొంగులో దాచుకున్నట్టు.

చిన్నది చేతులు కట్టుకుని వింది. "బావగారు చూశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అలాగే ఉండిపోయేది" అంది.

దాని అర్థమేమిటి? గీత గీసింది దాని మొగుడు. ఎక్కువొచ్చింది నాకు. దొంగని నేను. పెళ్ళాం పక్షాన మాట్లాడే మొగుళ్ళు ఎక్కడో ఉంటారు, మన ఇంట్లో మాత్రం ఉండరు.

9, శనివారం

పొద్దున్నే ఈయన మొహం వెలిగిపోతోంది. సరైన చోటు కనుక్కున్నాడట. నా గోడ నుంచి ఐదడుగుల ఐదంగుళాలు. అక్కడ గోడ కడితే ఇద్దరికీ సరిగ్గా నూట ఇరవై వస్తుంది. ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోశానా లేదా అని నేను చూసుకుంటుంటే, వర్గ సమీకరణమనీ, దానికి రెండు సమాధానాలొస్తాయనీ, రెండోది గది బయట పడుతుంది కాబట్టి వదిలేయాలనీ చెప్పుకుపోతున్నాడు. బయట పడ్డ సమాధానంలోకి వెళ్ళి కాపురముండాలనిపించింది నాకు.

షాపులో కొత్త గీత గీశాడు. నేను నా వాటాలో నిలబడి చూశాను. పొడుగ్గా, సన్నగా, రైలు పెట్టెలో నడిచే దారిలా ఉంది. పోనీ, సగం సగమే. అత్తయ్య మాట దక్కింది.

అప్పుడు బల్ల గుర్తొచ్చింది.

బల్ల గదికి నడుమ ఉంది. ఐదడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు, కాళ్ళు నేలలో సిమెంటు పోసి బిగించారు. కదలదు. కదిలినా షట్టరులోంచి బయటికి రాదు, లోపలే చేయించారు దాన్ని. ఈ కొత్త గీత సరిగ్గా దాని మీదుగా పోతోంది. నా వైపు రెండడుగులు కూడా లేదు, చిన్నదాని వైపు మూడడుగుల పైన. కత్తిరించేది నేను. బల్ల ఎక్కువ దానికి.

"గది సగమైతే బల్ల సగం కావడం లేదు" అన్నాను.

"బల్ల సగం చేస్తే గది సగం కాదు" అన్నాడు ఈయన, చాలా సంతోషంగా. తర్వాత కాసేపు ఆలోచించి, రెండు పక్క గోడల్లోనూ మధ్య బిందువులు తీసుకుని కలిపితే ముందు గది, వెనక గది వస్తాయన్నాడు. అది కూడా సరిగ్గా సగమేనట. చాలా అందంగా వస్తుందట.

"వెనక గదిలో వాళ్ళు లోపలికి ఎలా వస్తారు?"

"అది వైశాల్యానికి సంబంధించిన ప్రశ్న కాదు."

ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చానో నాకే ఆశ్చర్యంగా ఉంది.

చివరికి ఐదడుగుల ఐదంగుళాల దగ్గరే ఖాయమైంది. బల్లని గీత మీద కోసెయ్యాలి. "గదే సగమన్నారు అత్తయ్య. బల్ల సంగతి చెప్పలేదు" అంది చిన్నది. సరే అన్నాను. నేనూ అనగలను సరే. మేస్త్రీ చూసి వెళ్ళాడు, ఇరవై ఒకటిన రంపం, ఇటుకలు తెచ్చుకుంటానన్నాడు. ఈయన లెక్క కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టాడు.

బల్ల సగమైతే మళ్ళీ అతకదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

11, సోమవారం

గీత దాటకూడదని అనుకున్నాం. ఎవరు ముందు అన్నారో గుర్తులేదు, నేనే అయ్యుంటాను.

ఇస్త్రీ పెట్టె నా వైపు. అద్దం దాని వైపు. ఒకావిడ జాకెట్టు కొలతకి వచ్చి నా వైపు చేతులెత్తి నిలబడింది, అద్దం చూసుకోవడానికి దాని వైపు వెళ్ళింది, మడత ఇస్త్రీ కోసం మళ్ళీ నా వైపు వచ్చింది. "మీ షాపులో బాగా తిప్పుతున్నారండీ" అని వెళ్ళిపోయింది.

అత్తయ్య కుర్చీ సరిగ్గా గీత మీద ఉంది. జరపమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మాకేదైనా అటూ ఇటూ కావాలంటే ఆవిడ చేతిలో పెడితే ఆవిడ అందిస్తుంది. సాయంత్రానికి విసుగొచ్చినట్టుంది, నల్లదారం కండె గాలిలో పట్టుకుని, "ఎవరైనా అడిగితే నేనిక్కడ గేటు కీపరునని చెప్పనా?" అంది.

గౌను ఇంకా సంచిలోనే ఉంది. కొలవలేదు.

13, బుధవారం

సంగీతం టీచరు వచ్చింది. నేను గౌను కోసమేమో అని వణికాను. కాదు. పాటల పోటీకి పిల్లలకి పది గౌన్లు కావాలట, నీలం గుడ్డ తానుతో సహా తెచ్చేసింది. "పోయినసారి ఎంత తెచ్చానో అంతే తెచ్చానండీ. ఆ రంగు గుడ్డ ఇంక షాపులో లేదు, జాగ్రత్త" అంది. పోటీ నెలాఖరుకి.

నేల మీద గీతలు చూసి, "ఇదేంటండీ?" అంది.

"రిపేరు" అన్నాం ఇద్దరం. ఒకేసారి అన్నాం. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

నేను కత్తిరించి ఇస్తే అది కుడుతుంది. ఇదే ఆఖరు. ఆ మాట అత్తయ్యతో చెప్పాను, అటు చేరవెయ్యమని.

15, శుక్రవారం

గుడ్డ చాలలేదు.

ఒక్కో గౌనుకి ఆరు ముక్కలు. ముక్క పైన ఏడంగుళాలు, కింద పదిహేడు, గంటలా కిందికి విచ్చుకుంటుంది. గుడ్డ బల్ల పొడుగునా పరిచాను. నా వైపు అంచుకి పదిహేడు పెట్టి, అవతలికి ఏడు పెట్టి, వరసగా గీసుకుంటూ పోయాను. ఏడు గౌన్లు అయ్యేసరికి తాను అయిపోయింది. పది కావాలి. ఏడే వచ్చాయి.

కత్తెర పెట్టలేదు, అదొక్కటే నా అదృష్టం. సుద్ద మొత్తం దులిపేసి మళ్ళీ గీశాను. ఏడే.

16, శనివారం

టీచరుగారికి ఫోన్ చేశాను. గుడ్డల షాపువాళ్ళు తక్కువ కొలిచి ఇచ్చారేమో అడగండి అన్నాను. ఆవిడ కాస్త కోపంగానే, పోయినసారి ఇంత గుడ్డలోనే పది గౌన్లూ వచ్చాయనీ, పైగా జుట్టు రిబ్బన్లకి కూడా మిగిలిందనీ గుర్తు చేసింది. ఆ రిబ్బన్లు కుట్టింది మేమే.

తాను కొలిచాను, సరిగ్గానే ఉంది. ముక్క పాత నమూనా అట్టతో సరిచూశాను, అదీ సరిగ్గానే ఉంది. గుడ్డ తప్పు కాదు, ముక్క తప్పు కాదు. ఇంక మిగిలింది నేను.

చిన్నది ఖాళీగా కూర్చుంది. ముక్కలు వెళ్ళందే దానికి పని లేదు. మిషను తుడిచింది, నూనె వేసింది, మళ్ళీ తుడిచింది. "కటింగ్ ఇంకా కాలేదా?" అని అత్తయ్యని అడిగింది, నేను లేనట్టు. అత్తయ్య నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను మిషను చప్పుడు లేకపోతే. అస్సలు లేదు.

18, సోమవారం

పొద్దున ఈయన మీద పడ్డాను. ఎవరో ఒకరి మీద పడాలి కదా. ఇదంతా మీ వల్లే వచ్చింది, మరిది గీసిన గీత ఉంచితే ఏం పోయేది, అసలు రెండు గోడలు కూడి సగమెందుకు తీసుకోవాలి, ఎవడు పెట్టాడు ఆ రూలు, అని నోటికొచ్చినట్టు అరిచాను.

కోప్పడతాడనుకున్నాను. "ఎందుకు అని అడిగావా?" అన్నాడు. మొహం చూడాలి. ఇన్నేళ్ళుగా ట్యూషన్లో ఎవరూ అడగని ప్రశ్నట అది. టీ గ్లాసు పక్కన పెట్టేసి, పాత పరీక్ష పేపరు మడిచి, నా కత్తెర లాక్కుని (పేపరు కోస్తే గుడ్డ కత్తెర పాడవుతుందని లక్షసార్లు చెప్పాను) ఒకేలాంటి రెండు ముక్కలు కోశాడు. మా గది ఆకారంలో.

"ఇది ఒకటి. దీని పక్కన రెండోది ఇలాగే నిలబెట్టు. చూడు, మధ్యలో ఖాళీ ఉండిపోయింది. ఇప్పుడు రెండోదాన్ని తలకిందులు చెయ్యి."

చేశాడు. ఏటవాలు ఏటవాలుకి అతుక్కుపోయింది. సందు లేదు.

"రెండూ కలిస్తే పైన ఇరవై నాలుగు ప్లస్ పదహారు, కింద పదహారు ప్లస్ ఇరవై నాలుగు. అటు చూసినా నలభై, ఇటు చూసినా నలభై. దాని వైశాల్యం ఎవడైనా చెప్తాడు. మనకి కావలసింది ఒక్కటే కాబట్టి సగం. అంతే. ఒకదాన్ని ఒంటరిగా కొలవలేక, దాని జతని తెచ్చి ఎదురుగా పెట్టి కొలుస్తాం. అర్థమైందా?"

అర్థమైంది. లెక్క కాదు.

నేను చూస్తున్నది పేపరు ముక్కల మధ్య ఆ ఖాళీని. మొన్న నీలం గుడ్డ మీద రెండేసి ముక్కల మధ్య అలాంటి ఖాళీలే మిగిలాయి, సుద్ద గీతల నడుమ, బారుగా, పనికిరాకుండా. మూడు గౌన్లు వాటిల్లోనే పోయాయి.

ఇన్నేళ్ళుగా మేము గుడ్డ ఎలా గీస్తాం? బల్లకి ఇటు నేను, అటు చిన్నది. నేనొకటి గీస్తాను, వెడల్పు నా వైపు. పక్కనే అదొకటి గీస్తుంది, వెడల్పు దాని వైపు. ఎవరికి వాళ్ళం ముక్కని తిన్నగానే గీస్తున్నాం అనుకుంటాం. నాకు తిన్నగా ఉన్నది దానికి తలకిందులు, దానికి తిన్నగా ఉన్నది నాకు తలకిందులు. అలా గీసుకుంటూ బల్ల చివరిదాకా పోతాం, కబుర్లు చెప్పుకుంటూ. ముక్క పక్కన ముక్క వచ్చి కూర్చుంటుంది, సందు ఉండదు. గుడ్డ పొదుపు చెయ్యాలని మేమెప్పుడూ అనుకోలేదు. ఎదురెదురుగా నిలబడ్డాం, అంతే. చిన్నది రాకముందు అక్కడ అత్తయ్య నిలబడేది. అందుకే నాకెప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

గీత దాటకూడదని నా ఒక్కదాని వైపు నుంచే గీశాను కాబట్టి అన్నీ ఒకే వైపు తిరిగాయి.

నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ కలిసి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో తెలీదు గానీ, ఈయన మాత్రం "చూశావా, ఎంత బాగుందో!" అని మురిసిపోతున్నాడు. లెక్క చూసి కదిలిపోయాననుకున్నాడు.

19, మంగళవారం

కిటుకు తెలిసింది కదా, ఇంక చిన్నదాని అవసరం ఏముంది? అట్ట తిప్పి పెట్టుకుంటే సరి. ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా. నేనే గీసుకుంటాను.

చెయ్యి అందలేదు. అవతలి అంచు దగ్గర పదిహేడంగుళాల ఒంపు తిప్పాలి, అది మనిషి అటు నిలబడి తన వైపుకి లాగుతూ గియ్యాల్సిన ఒంపు. ఇటునుంచి తోస్తే వంకర పోతోంది. చెరిపాను, గీశాను, చెరిపాను. చివరికి బల్ల ఎక్కి బోర్లా పడుకుని గీశాను. ఈ వయసులో. కొంగంతా సుద్ద.

"పెద్దదానా, నడుం పట్టేస్తే నేను దింపలేను" అంది అత్తయ్య.

చిన్నది చూస్తోంది. నవ్వుతోందేమోనని తల తిప్పి చూశాను. నవ్వడం లేదు. అందుకు ఇంకా ఉడుక్కున్నాను నేను. నవ్వితే తిట్టేదాన్ని.

బల్ల మీద రంపం కోసం వేసిన గీత నా మోచేతికి అంటుకుని సగం చెరిగిపోయింది. మళ్ళీ వెయ్యలేదు. తర్వాత వేస్తాను.

20, బుధవారం

రెండో సుద్దముక్క తీసి బల్ల అవతలి అంచు మీద పెట్టాను. అంతదాకా చెయ్యి అందుతుంది.

"నాకు చెయ్యి అందడం లేదు" అన్నాను. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. గుడ్డతో అన్నాను.

అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ ఆగింది. మిషను దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు. చిన్నది వచ్చి బల్లకి అటు నిలబడింది. గీత దాటలేదు, దాటాల్సిన పనే లేదు, అటు పక్క దానిదే. పెదాల మధ్యనుంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. సుద్ద తీసుకుంది.

నేనొకటి గీశాను. పక్కన అదొకటి గీసింది.

మూడో గౌను దాకా అలాగే గీసుకుంటూ పోయాం. అప్పుడు గుడ్డ ముడత పడింది.

"అక్కా, కొంచెం మీ వైపు లాగండి" అంది.

లాగాను. కళ్ళలో సుద్ద పడింది.

పది గౌన్లూ వచ్చాయి. చివర్లో రిబ్బన్లకి సరిపడా పీలిక మిగిలింది. మధ్యాహ్నానికల్లా దాని మిషను మొదలైంది, ఆగకుండా, చెవులు చిల్లులు పడేలా. చెప్పొద్దూ, ఎంత హాయిగా ఉందో.

సాయంత్రం బల్ల కింద చూస్తే గౌను సంచి ఖాళీగా ఉంది. తలెత్తితే అద్దం పక్కన కొక్కేనికి వేలాడుతోంది, అంచు చుట్టూ సమంగా, ఇస్త్రీ కూడా చేసి. ఇస్త్రీ పెట్టె నా వైపే ఉంటుంది. ఎప్పుడొచ్చి తీసుకుందో!

"అందులో తప్పు ఎక్కడుంది? కటింగ్‌లోనా, కుట్టులోనా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

చిన్నది దారం కొరికింది. "చూళ్ళేదు" అంది.

చూడకుండా ఎలా సరిచేస్తారు? కుట్టు విప్పాలి, ముక్కలు పక్కపక్కన పెట్టాలి, ఎక్కడ తేడా ఉందో వెతకాలి. చూసే ఉంటుంది. ఇంక నాకెప్పటికీ తెలియదు. మళ్ళీ అడగబోయాను. అత్తయ్య గుండీల డబ్బా గట్టిగా ఊపింది, మానేశాను.

21, గురువారం

మేస్త్రీ పొద్దున్నే వచ్చాడు, భుజాన రంపం. ఇటుకల బండి బయట ఆపాడు.

"ఎక్కడ కొయ్యమంటారమ్మా?"

బల్ల వంక చూశాడు, గీత లేదు. నేల వంక చూశాడు. నిన్నంతా గుడ్డ పట్టుకుని బల్ల చుట్టూ తిరిగిన కాళ్ళకి అక్కడి గీత కూడా ఎక్కడుందో ఎక్కడ లేదో తెలియకుండా అయింది. అత్తయ్య కుర్చీ కింద మాత్రం జానెడు మిగిలింది. ఆవిడ కాలు దాని మీదే పెట్టుకుని కూర్చుంది.

నాకు అంకె గుర్తుంది. ఐదడుగుల ఐదంగుళాలు. చెప్పడానికి నోరు తెరిచాను.

"లెక్క ఇంకా తేలలేదండీ" అంది చిన్నది. తల ఎత్తలేదు, మిషను ఆపలేదు.

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "తేలకపోవడమేంటమ్మా? మాస్టారుగారు నాకు కాగితం మీద రాసిచ్చారు కదా?" అని జేబు తడుముకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు, పెద్దదాన్ని కదా అని.

మిషను ఆగింది.

"ఆ లెక్క తప్పండీ" అన్నాను. "మా పొరపాటే."

చిన్నది నా వంక చూసింది. మిషను మళ్ళీ మొదలుపెట్టింది.

"మరి ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడాయన, రంపం ఇంకో భుజానికి మార్చుకుంటూ.

"తేలాక కబురు చేస్తార్లే నాయనా. నువ్వెళ్ళు, ఇటుకలు దారికడ్డం" అంది అత్తయ్య.

22, శుక్రవారం

మేస్త్రీ ఈయనకి దారిలో కనపడి చెప్పేశాడు. ఈయన వచ్చి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "లెక్క తప్పా? నేను చేసిన లెక్కా? ఎవరన్నారు?"

"నేనే" అన్నాను.

"ఎక్కడ తప్పు? చూపించు! సమాంతర భుజాల మొత్తంలో సగం, ఇంటూ మధ్య దూరం. ఇందులో తప్పెక్కడుంది?"

"నాకేం తెలుసు? తేలలేదు, అంతే."

అన్నం కూడా సరిగ్గా తినలేదు. టేపు పట్టుకుని షాపుకి వెళ్ళాడు, గోడలు మొదటినుంచీ కొలుస్తాడట. ఎక్కడో అంగుళం తేడా ఉండి ఉంటుందని గొణుక్కుంటూ వెళ్ళాడు. చిన్నది టేపు రెండో కొస పట్టుకుని సాయం చేస్తోందట, మరిది ఫోన్ చేసి చెప్పాడు నవ్వాపుకోలేక.

కొలుచుకోనీ. గది ఎక్కడికీ పోదు.